క్లినికల్ పోస్టింగ్స్: ఒక్క మంచం పట్టుకుని వార్డు నేర్చుకునే పద్ధతి

డాక్టర్ చదువులో ఆసుపత్రి వార్డుకు వెళ్లి నేర్చుకునే ఈ పోస్టింగ్స్ మొదలైన కొత్తలో దాదాపు అందరం ఒకేలా ఉంటాం. గుంపులో వెనక నిలబడతాం, ముందున్నవాళ్ల భుజాల మీదుగా తొంగి చూస్తాం, సార్ చెప్పేది సగం వినపడదు, మధ్యాహ్నానికి కాళ్లు పీకుతుంటే రూముకొచ్చి మళ్లీ పుస్తకమే తెరుస్తాం. నేను మూడు నాలుగు వారాలు అలాగే పోగొట్టుకున్నాను. తర్వాత ఒక సీనియర్ పిలిచి, “వార్డంతా చూడాలనుకోకు, ఒక్క మంచం చూడు, ఆ మనిషి అడ్మిట్ అయిన రోజు నుంచి ఇంటికెళ్లే రోజు దాకా చూడు” అన్నారు. ఆ మాట పట్టుకున్నాకే వార్డులో నాకంటూ ఒక పని దొరికింది. కింద రాసిందంతా ఆ పద్ధతే, ఏ రోజు ఏం చేయాలో వరసగా.

1. వార్డుకు వెళ్లకముందే

అన్నిటికంటే ముందు హెపటైటిస్ బి టీకా. 0, 1, 6 నెలలకు మూడు డోసులు, అంటే మొత్తం పూర్తవడానికి అర్ధ సంవత్సరం. ఇప్పటికీ వేయించుకోకపోతే ఇవాళే మొదలుపెట్టండి. మూడో డోసు అయిన ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుని ఆ రిపోర్టు దాచుకోండి, మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రక్షణ వచ్చినట్టు. ఎందుకింతగా చెబుతున్నానో 9వ భాగంలో తెలుస్తుంది.

జేబులోకి: స్టెతస్కోప్, సెకన్ల ముల్లున్న వాచీ, చిన్న టార్చి, కొలత టేపు, అరచేతిలో పట్టే నోట్‌బుక్, రెండు పెన్నులు. న్యూరో (నరాల పరీక్ష) ఉన్న రోజు మోకాలి సుత్తి. గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు తీసేయండి, జుట్టు ముడేసుకోండి, వేళ్లు బయటకు కనపడే చెప్పులు వద్దు. ఏదో ఒకటి తిని వెళ్లండి. ఇవి చిన్న విషయాలే, వీటి గురించి ఇంతకంటే ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

2. వార్డులో మొదటి గంట నర్సులది

లోపలికి వెళ్లగానే మంచాల వైపు కాదు, నర్సింగ్ స్టేషన్ వైపు వెళ్లండి. పేరు చెప్పండి, ఏ యూనిట్‌లో ఎన్ని వారాలు ఉంటారో చెప్పండి, తర్వాత ఈ రెండు ప్రశ్నలు అడగండి: “సిస్టర్, ఇవాళ ఎవరితో మాట్లాడితే బాగుంటుంది? ఎవరిని కదిలించకూడదు?” రాత్రంతా నిద్రపట్టనివాళ్లెవరో, నిన్ననే చెడు వార్త విన్నవాళ్లెవరో కేస్ షీట్‌లో ఉండదు, సిస్టర్‌కు తెలుస్తుంది.

అప్పుడే నాలుగు చోట్లు చూసి పెట్టుకోండి: ఎమర్జెన్సీ ట్రాలీ, ఆక్సిజన్, సూదులు పడేసే డబ్బా, చేతులు కడిగే సింకు. బీపీ మెషిన్ తీసుకుంటే పని అవగానే ఎక్కడిది అక్కడ పెట్టండి. కేస్ షీట్ కూడా అంతే. విద్యార్థుల మీద వార్డు స్టాఫ్‌కు ఉండే చిరాకులో సగం ఈ రెండింటి వల్లే వస్తుందని నా గట్టి నమ్మకం.

3. మంచం ఎంచుకోవడం, అనుమతి అడగడం

కొత్తగా అడ్మిట్ అయిన పేషెంట్‌ను తీసుకోండి. అప్పటికే డయాగ్నసిస్ రాసేసి, పరీక్షలన్నీ అయిపోయిన కేసు తీసుకుంటే జవాబు చూసి లెక్క చేసినట్టే. జబ్బు అరుదైనదే కానక్కర్లేదు. ఆయాసం, జ్వరం, కడుపునొప్పి, కామెర్లు, ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాన్నైనా చివరిదాకా వెంబడిస్తే నెల పాఠం అందులోనే ఉంటుంది.

చేతులు శుభ్రం చేసుకుని దగ్గరికి వెళ్లండి. ఆల్కహాల్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లయితే 40 నుంచి 60 సెకన్లు. చేతికి మురికి కనిపిస్తున్నా, పేషెంట్‌కు క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే క్రిమి వల్ల విరేచనాలు ఉన్నా సబ్బు నీళ్లే వాడాలి, దాని స్పోర్లు (గట్టి పొరలో ఉండే రూపం) ఆల్కహాల్‌కు చావవు. పేషెంట్‌ను ముట్టుకోకముందూ, ముట్టుకున్నాకా, రెండుసార్లూ కడగాలి. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టర్ శవపరీక్ష గది నుంచి వచ్చే డాక్టర్లను, విద్యార్థులను క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోమని పట్టుబట్టాక బాలింతల మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి. అప్పుడు బాలింత జ్వరాన్ని చేతులతో మోసుకెళ్లినవాళ్లలో మనలాంటి విద్యార్థులూ ఉన్నారు. నేను చేతులు కడుక్కునే ప్రతిసారీ ఇది గుర్తొస్తుంది.

తర్వాత నిజం చెప్పండి: “నమస్కారమమ్మా, నేను డాక్టర్‌ని కాదు, డాక్టర్ చదువు చదువుతున్నాను. మీకు ఓపిక ఉంటే ఒక ఇరవై నిమిషాలు మాట్లాడి, పరీక్ష చేస్తాను. వద్దంటే ఏం ఇబ్బంది లేదు, మీ వైద్యం మామూలుగానే జరుగుతుంది.” తెల్లకోటు చూసి వాళ్లే డాక్టర్ అనుకుంటే ఆ పొరపాటును అలాగే వదిలేయకండి. వద్దన్నారా, థాంక్స్ చెప్పి పక్కకు రండి, రెండోసారి బతిమాలొద్దు.

4. హిస్టరీ: అడగడం కంటే వినడం కష్టం

హిస్టరీ అంటే పేషెంట్ నోటే జబ్బు కథ వినడం. స్టూల్ లాక్కుని కూర్చోండి. నిలబడి అడిగితే మీకు తొందరగా ఉందని వాళ్లకు అర్థమైపోయి, మూడు ముక్కల్లో చెప్పి ఊరుకుంటారు. “ఏం ఇబ్బందితో వచ్చారు, మొదటి నుంచి చెప్పండి” అని అడిగి ఇక మాట్లాడకండి. అమెరికాలో 1984లో వచ్చిన ఒక అధ్యయనంలో డాక్టర్లు సగటున 18 సెకన్లకే పేషెంట్ మాటకు అడ్డుపడినట్టు తేలింది. మీరు రెండు నిమిషాలు ఆగి చూడండి, పుస్తకంలో ఉన్న సగం ప్రశ్నలకు జవాబులు అడక్కుండానే వస్తాయి. 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మరో అధ్యయనంలో 80 మంది కొత్త ఓపీ పేషెంట్లలో 66 మందికి, రిఫరల్ ఉత్తరం చదివి, హిస్టరీ విన్న తర్వాత వేసిన అంచనానే చివరి డయాగ్నసిస్‌తో సరిపోయింది. స్కాన్ మెషిన్లు లేని మంచం దగ్గర విద్యార్థి చేతిలో ఉన్న అసలు పనిముట్టు ఇదే.

వాళ్ల మాటను మన మాటలోకి మార్చే ముందు ఒకటికి రెండుసార్లు అడగండి. “కళ్లు తిరుగుతున్నాయి” అన్నారనుకోండి, వెంటనే వర్టిగో అని రాసేయకూడదు. గది గిర్రున తిరుగుతున్నట్టా, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్ముతున్నట్టా, ఒట్టి నీరసమా? మూడూ మూడు దారులు. “గ్యాస్ నొప్పి” అన్నా అంతే, నాలుగు మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గే గ్యాస్ గుండెది కావచ్చు. నొప్పి గురించైతే ఎక్కడ, ఎప్పుడు ఎలా మొదలైంది, ఎలాంటి నొప్పి, ఎటు పాకుతోంది, దాంతోపాటు ఇంకేం వచ్చాయి, ఎప్పుడు తగ్గుతుంది, ఎప్పుడు పెరుగుతుంది, ఎంత తీవ్రం, ఇవన్నీ వరసగా అడిగితే ఏదీ జారిపోదు. వాడుతున్న మందులు పేర్లు చెప్పమనకండి, సంచిలోంచి తీసి చూపించమనండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. అరవై దాటిన ఒకావిడ, ఆయాసంతో వచ్చింది. పడుకుంటే ఆయాసం పెరుగుతుందా అనేది తెలుసుకోవడానికి ఎన్ని దిండ్లు వేసుకుంటారో అడగాలని చదివాను కదా, అడిగాను. “ఒకటే బాబూ” అంది. ఆర్థాప్నియా (పడుకుంటే వచ్చే ఆయాసం) లేదు అని రాసుకుని, రౌండ్స్‌లో, అంటే డాక్టర్లు మంచం మంచం తిరిగి చూసేటప్పుడు, అలాగే చెప్పాను. ప్రొఫెసర్ ఆవిడ మంచం అంచున కూర్చుని, “రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటున్నావమ్మా?” అని అడిగారు. “పడుకోవడం ఎక్కడయ్యా, రెండు నెలలుగా కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నా” అంది. ఆ ఒక్క దిండు కుర్చీలో నడుము వెనక పెట్టుకునేది. నా ప్రశ్నకు ఆవిడ నిజమే చెప్పింది, అడగడమే నాకు రాలేదు. అప్పటి నుంచి నేను లెక్కలు అడగను, “నిన్న రాత్రి ఎలా గడిచింది, చెప్పండి” అని అడుగుతాను.

5. పరీక్ష: మీ చేత్తో, మీ వాచీతో

ఏ సిస్టమ్ చూడాల్సి వచ్చినా ముందు వైటల్స్ (నాడి, బీపీ, ఊపిరి, జ్వరం) మీరే తీయండి, షీట్‌లో ఉన్నవి చూసి రాయొద్దు. ముఖ్యంగా శ్వాస. మంచాల మధ్య నడుస్తూ చార్టులు చూడండి, ఊపిరి రేటు దగ్గర ఒకే అంకె ఎన్నిసార్లు కనిపిస్తుందో! జ్వరంతో వచ్చిన ఒక కుర్రాడి చార్టులో రెండు రోజులుగా 18 అని ఉంది. నేను మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి, అతని ఛాతీ వైపు చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాను. 32. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాను, 32 వచ్చింది. పీజీకి (పైచదువు చదువుతున్న డాక్టర్‌కు) చెబితే వచ్చి చూసి అప్పటికప్పుడు ఆక్సిజన్ పెట్టించి ఎక్స్‌రే తీయించారు, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20 ఉండాలి. లెక్కపెడుతున్నామని చెబితే ఊపిరి మారిపోతుంది, అందుకే చెప్పకుండా, పూర్తిగా ఒక నిమిషం చూడాలి.

బీపీకి ముందు ఐదు నిమిషాలు విశ్రాంతి, వీపుకు ఆనుడు, చేయి గుండె ఎత్తులో. లావుపాటి చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. కఫ్ లోపలి రబ్బరు సంచి పొడవు చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం రావాలి.

తర్వాత చూడటం, తాకడం, తట్టడం, వినడం. కొత్తలో అందరం స్టెతస్కోప్ మీదికి దూకుతాం. మంచం కాళ్ల దగ్గర నిలబడి అర నిమిషం ఊరికే చూడండి: ఎలా పడుకున్నారు, మెడ కండరాలు లాగుతున్నాయా, కళ్లు పచ్చబడ్డాయా, బల్ల మీద ఇన్‌హేలర్ ఉందా, యూరిన్ బ్యాగ్‌లో రంగు ఏమిటి. కడుపు పరీక్షలో నొప్పి ఎక్కడో ముందే అడిగి, దానికి దూరంగా మొదలుపెట్టండి. చేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకోండి, కళ్లు మీ చేతి మీద కాదు, వాళ్ల ముఖం మీద ఉండాలి. మైట్రల్ స్టెనోసిస్ (గుండెలో ఒక కవాటం ఇరుకవడం) వల్ల వచ్చే మర్మర్ అనే శబ్దం వినాలంటే ఎడమ పక్కకు తిప్పి, ఊపిరి వదిలి ఆపమని, స్టెతస్కోప్ బెల్ వైపు తేలికగా ఆనించాలి, గట్టిగా నొక్కితే ఆ మంద్రమైన శబ్దమే పోతుంది.

వేలితో తట్టి శబ్దం గమనించడం రావట్లేదని చాలామంది వదిలేస్తారు. 1761లో ఈ పద్ధతి గురించి పుస్తకం వేసిన ఔయెన్‌బ్రుగ్గర్ అనే డాక్టర్ సత్రం నడిపేవాళ్లబ్బాయి, పీపాలో ఎంత సరుకుందో తట్టి చూడటం చిన్నప్పుడే చూశాడని చెబుతారు. మీరూ సగం నీళ్లున్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని పైనుంచి కిందికి తట్టుకుంటూ రండి, ఖాళీ ఎక్కడ ముగిసి నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో వేలికి తెలిసేదాకా. కదలాల్సింది మణికట్టు, మోచేయి కాదు. వారం చాలు.

పరీక్ష చేసేటప్పుడు తెర లాగండి, ఎంత భాగం కావాలో అంతే తీయించండి, అయిపోగానే దుప్పటి మీరే కప్పండి. పేషెంట్ ఎవరైనా సరే, ఇబ్బందిగా అనిపించే పరీక్షలకు తోడు మనిషి ఉండాలి. అలాంటివి సీనియర్ లేకుండా మీ అంతట మీరు చేయొద్దు.

6. రాసుకోవడం, రౌండ్స్‌లో చెప్పడం

ప్రెజెంటేషన్ మొత్తం మొదటి వాక్యం మీదే నిలుస్తుంది. “62 ఏళ్ల మహిళ, పదేళ్లుగా బీపీ, రెండు నెలలుగా పెరుగుతున్న ఆయాసం, రెండు వారాలుగా కాళ్ల వాపుతో వచ్చారు” అంటే వింటున్నవాళ్ల బుర్రలో అప్పుడే దారి పడుతుంది. తర్వాత వచ్చే ప్రతి మాటా ఆ దారిలో ఏదో ఒకదాన్ని బలపరచాలి, లేదా కొట్టేయాలి. నాలుగైదు నిమిషాలు మించొద్దు. ముందు రోజు రాత్రి గట్టిగా, కాగితం చూడకుండా ఒకసారి చెప్పుకోండి, మనసులో కాదు, నోటితో. ఎక్కడ తడబడతారో అక్కడ మీకు అర్థం కాలేదని లెక్క.

డిఫరెన్షియల్స్, అంటే కావచ్చనుకునే జబ్బులు, మూడు చాలు: ఎక్కువ అవకాశం ఉన్నది ఒకటి, దాని తర్వాతది ఒకటి, అవకాశం తక్కువైనా వదిలేస్తే ప్రాణం మీదికి వచ్చేది ఒకటి. ఈ మూడోది ఎప్పుడూ మర్చిపోవద్దు.

చూడనిది చూశానని మాత్రం చెప్పొద్దు. “ప్యూపిల్స్ (కంటిపాపలు) చూశావా?” అంటే చూడకపోతే “చూడలేదు సార్” అనండి. నాలుగు చీవాట్లు పడతాయి, సాయంత్రానికి పోతాయి. చూశాను, నార్మల్ అంటే మాత్రం ఆ మాట మీద ఎవరో ఒక నిర్ణయం తీసుకుంటారు, దాని ఫలితం ఆ మంచం మీద మనిషికి పడుతుంది. అందరి ముందు తిట్టారని నేనూ బాత్రూంలో ఏడ్చిన రోజులున్నాయి. ఆ టెన్షన్ నిజమైనదే. కానీ ఒక మాట: తిట్టులో పాఠం ఉంటే అది నోట్‌బుక్‌లోకి, మిమ్మల్ని కించపరిచే మాటలే మళ్లీ మళ్లీ వస్తుంటే అది నమ్మకమైన ఫ్యాకల్టీ దగ్గరికి. రెండోదాన్ని దిగమింగుకుని కూర్చోవద్దు.

7. పేషెంట్ తేడాగా కనిపిస్తే

మీరే రోజూ చూస్తున్న మనిషి కాబట్టి మార్పు ముందు మీకే తెలియొచ్చు. నిన్న మాట్లాడినావిడ ఇవాళ మత్తుగా ఉంది, చెమటలు పడుతున్నాయి, ఊపిరి వేగంగా ఉంది. ఏమో, నేను విద్యార్థినే కదా అని ఆలోచిస్తూ నిలబడకండి. పక్కనున్న నర్సును పిలవండి, అప్పుడే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. చెప్పే వరస: నేను ఎవరు, ఏ మంచం, ఇప్పుడు ఏం జరుగుతోంది, ఎందుకు అడ్మిట్ అయ్యారు, నాకు ఏమనిపిస్తోంది, మీరు ఏం చేయాలి. “సార్, 14వ మంచం, న్యుమోనియా పేషెంట్, పొద్దున బాగా మాట్లాడారు, ఇప్పుడు పిలిస్తేనే కళ్లు తెరుస్తున్నారు, శ్వాస 34, వెంటనే వచ్చి చూడాలి సార్.” ఇంతే. పొరపాటున పిలిచినా ఏం కాదు.

8. ఓటీ, లేబర్ రూమ్, పిల్లల వార్డు

ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) మొదటి సూత్రం, నీలం లేదా ఆకుపచ్చ గుడ్డ కప్పిన దేన్నీ ముట్టుకోవద్దు. స్క్రబ్ అయ్యాక (ఆపరేషన్ కోసం చేతులు కడుక్కున్నాక) చేతులు మోచేతుల కంటే పైన, తర్వాత నడుముకూ ఛాతీకీ మధ్య. పొరపాటున ఏదైనా తగిలితే వెంటనే నోరు తెరిచి చెప్పండి, గ్లవ్స్ మార్చుకోవడం నిమిషం పని, ఇన్ఫెక్షన్ వారాల బాధ. కళ్లు తిరుగుతున్నట్టు, చెవులు మూసుకుపోతున్నట్టు అనిపిస్తే టేబుల్ నుంచి వెనక్కి జరిగి నేల మీద కూర్చోండి, ఇందులో సిగ్గేం లేదు, టేబుల్ మీద పడితేనే ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ చెక్‌లిస్ట్ చదువుతున్నప్పుడు శ్రద్ధగా వినండి, మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్ బయటకు వెళ్లే ముందు, మూడుసార్లు ఆగుతారు.

లేబర్ రూమ్‌లో ఒక తల్లి దగ్గర మొదటి నుంచి కూర్చోండి, నాలుగు కాన్పులు చివరి ఐదు నిమిషాలు చూడటం కంటే అదే నేర్పుతుంది. పుట్టిన బిడ్డకు 1వ నిమిషంలో, 5వ నిమిషంలో అప్గార్ స్కోర్ (బిడ్డ ఎంత బాగుందో చెప్పే అంకె) మీరూ మనసులో వేసి, డాక్టర్ వేసినదాంతో పోల్చుకోండి.

పిల్లల దగ్గర ముట్టుకోకముందే సగం పరీక్ష అయిపోవాలి. అమ్మ ఒళ్లో ఉండగానే ఊపిరి లెక్కపెట్టండి: రెండు నెలల లోపు 60, రెండు నుంచి పన్నెండు నెలల లోపు 50, ఆపైన ఐదేళ్ల దాకా 40, ఆ అంకె చేరినా దాటినా వేగం ఎక్కువ ఉన్నట్టే. చెవి, గొంతు చివర్లో చూడాలి. ముందే చూస్తే ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినపడదు.

సైకియాట్రీ గురించి ఒక్క మాట. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని భయపడతారు. అలా అవదు, నెమ్మదిగా, సూటిగా అడగండి, వచ్చిన జవాబును ఆ రోజే సీనియర్‌కు చెప్పండి.

9. సూది గుచ్చుకుంటే

వాడిన సూదికి మూత మళ్లీ పెట్టడానికి ప్రయత్నించొద్దు, నేరుగా డబ్బాలో వేయండి. అయినా గుచ్చుకుంటే రక్తం పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, సబ్బు, పారే నీళ్లతో కడగండి, అదే నిమిషంలో సీనియర్‌కు చెప్పి రిపోర్టు చేయండి. హెచ్ఐవీ ఉన్న రక్తంతో గుచ్చుకున్నా సోకే అవకాశం 1000లో 3 మాత్రమే, హెపటైటిస్ సి అయితే 100లో 2 లోపు. కానీ టీకా లేనివాళ్లకు హెపటైటిస్ బి 100లో 30 దాకా రావచ్చు, 1వ భాగంలో అంత పట్టుబట్టింది ఇందుకే. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. తిడతారేమోనని దాచుకుని రాత్రంతా ఒక్కరే భయపడే పిల్లలున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

10. మీరు చూసిన మనిషి పోతే

ఒక ఉదయం వెళ్లేసరికి మీ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంటుంది. ఎవరూ మీకు చెప్పి ఉండరు. నాకు అలా జరిగినప్పుడు గోడ వైపు తిరిగి కేస్ షీట్ వెతుకుతున్నట్టు కాసేపు నిలబడ్డాను. ఆ రోజు ఏం చేయాలంటే, సిస్టర్‌ను అడిగి ఏం జరిగిందో పూర్తిగా తెలుసుకోండి, బంధువులు ఇంకా అక్కడే ఉంటే దగ్గరికెళ్లి రెండు మాటలు మాట్లాడండి, మాట రాకపోతే పక్కన నిలబడండి. సాయంత్రం ఎవరితోనైనా చెప్పుకోండి. ఇంటివాళ్లకైనా, ఫ్రెండ్స్‌కైనా చెప్పేటప్పుడు పేరు, మంచం నంబరు, ఊరు వద్దు. లిఫ్టులోనూ వద్దు, వాట్సాప్‌లో ఎక్స్‌రే ఫోటో అసలే వద్దు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, వార్డుకు వెళ్లాలంటేనే గుండె బరువెక్కినా కౌన్సెలర్‌ను కలవండి. పేషెంట్‌కు మనం చెప్పే సలహానే ఇది. నైట్ డ్యూటీ అయ్యాక బండి నడపకుండా ఇంటికి చేరే ఏర్పాటు చేసుకోండి.

11. సాయంత్రం ఇరవై నిమిషాలు, ఆ తర్వాత డిశ్చార్జ్

రోజూ ఒక పేజీ. ఎడమ పక్క ఇవాళ మంచం దగ్గర ఏం మారింది, కుడి పక్క దాని వల్ల నాకు పుట్టిన ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్నకే పుస్తకం తెరవండి, చాప్టర్ మొత్తానికి కాదు. మూత్రం ఎక్కువగా పోయించే మందు ఇచ్చినావిడకు రోజూ బరువు ఎందుకు చూస్తున్నారు, పొటాషియం పరీక్షకు రక్తం ఎందుకు పంపుతున్నారు అని చదివితే మళ్లీ మర్చిపోరు.

డిశ్చార్జ్ రోజు తప్పకుండా వెళ్లండి, విద్యార్థులు ఎక్కువగా ఎగ్గొట్టేది అదే. సమ్మరీ చదవండి, వచ్చిన రోజు మీరు రాసిన డిఫరెన్షియల్స్‌తో పోల్చండి. సీనియర్ అనుమతితో మందులు ఒక్కొక్కటే పేషెంట్ చేతిలో పెట్టి, “ఇది ఎప్పుడు వేసుకుంటారో మీరు నాకు చెప్పండి” అని అడగండి. కుర్చీలో నిద్రపోయే ఆవిడ మూడు మాత్రలు సరిగ్గా చెప్పింది, నాలుగోది రాత్రి వేసుకుంటానంది. అది మూత్రం పోయించే మాత్ర, పొద్దున వేసుకోవాల్సింది. సిస్టర్‌ను పిలిచి, కవరు మీద సూర్యుడి బొమ్మ వేసి ఇచ్చాం. సంచి సర్దుకుంటుంటే అడిగాను, నిన్న రాత్రి ఎలా గడిచిందమ్మా అని. “మంచం మీదే పడుకున్నా బాబూ, తెల్లారేదాకా మెలకువ రాలేదు” అంది. మొదటి రోజు నేను తప్పుగా రాసుకున్న లైను పక్కనే, తేదీ వేసి, ఆ మాట రాసుకున్నాను.